చేతులు మారిన బండి – మోటారు వర్తకులపై క్రొత్త నిబంధనలు



మోటారు వాహన వర్తకులకు సంబంధించిన చట్టములో ఇటీవలి సంవత్సరములందు వచ్చిన మార్పులను గూర్చి నేడు మీకు నాలుగు మాటలు మనవి చేయదలచినాను. ఏండ్ల తరబడి బాలురకు వ్యాకరణము చెప్పి విశ్రాంతి గొన్న పంతులునకు మోటారు చట్టముతో నేమి పని యని మీలో కొందరు సందేహింపవచ్చును. పని యున్నది. చట్టమనునది మాటలతో కట్టిన యిల్లు. అందొక మాట కర్థము సరిగా తెలియనిచో, గృహస్థు కష్టపడి కూడబెట్టిన సొత్తుకే మోసము రావచ్చును. "యజమాని" యనునది అట్టి మాట. "వర్తకుడు" అనునదియు నట్టిదే. నేటి నా ప్రసంగమంతయు ఈ రెండు మాటల నడుమనే నడచును.

ఇప్పుడు మన యూళ్లలో మోటారు సైకిలు లేని యిల్లు అరుదు. పాతబడిన దానిని అమ్మి క్రొత్త దానిని కొనుటయు సర్వసాధారణమే. అమ్మినవాడు సొమ్ము లెక్కపెట్టుకొని, తాళపుచెవి చేతబెట్టి, చేతులు దులుపుకొని యింటికి వచ్చును. ఇక ఆ బండికిని తనకును సంబంధము లేదని యతడనుకొనును. చట్టము మాత్రము, "నాయనా, ఆ బండి యింకను నీదే" యనుచుండును. లోకవ్యవహారమునకును చట్టమునకును గల యీ యెడమును కొంతవరకైన పూడ్చుటకే క్రొత్త నిబంధనలు వచ్చినవి.

మొదట నొక సంగతి తేల్చుకొందము. ఈ చట్టము కేంద్రముదా, రాష్ట్రముదా? రెండు సమాధానములును కొంత కొంత నిజమే. మన రాజ్యాంగము ఏడవ షెడ్యూలులో శాసనాధికారమును మూడు జాబితాలుగా పంచిపెట్టినారు. యంత్రబలముచే నడచు వాహనములును, వానిపై పన్ను వేయుటకు పాటింపవలసిన సూత్రములును ఉమ్మడి జాబితాలో 35వ అంశము. ఆ పన్నును వేయు నధికారము మాత్రము రాష్ట్ర జాబితాలో 57వ అంశము. అందుచేత వాహనమునకు సంబంధించిన పెద్ద చట్టము పార్లమెంటు చేసినది. 1914లో ఒకటి, 1939లో మరియొకటి, 1988లో ఇప్పుడున్నది పుట్టినవి. ఈ 1988 నాటి చట్టము 1989 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దానిని నడపుటకు కేంద్రప్రభుత్వము అదే సంవత్సరమున నియమావళిని చేసినది. ఇక బండిని రిజిస్టరు చేయువారు, పన్ను వసూలు చేయువారు, రోడ్డుమీద నాపి కాగితములు చూపుమనువారు రాష్ట్రప్రభుత్వోద్యోగులు. 1963లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన మోటారు వాహనముల పన్నుల చట్టమునే 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రమును తనకు అన్వయించుకొన్నది.

మా శాస్త్ర పరిభాషలో చెప్పవలెనన్న, సూత్రము ఢిల్లీలోను, వృత్తి రాష్ట్ర రాజధానిలోను, ప్రయోగము ఆర్టీవో కచేరిలోను నున్నవి. సూత్రమొక్కటియే యైనను ప్రయోగము రాష్ట్రమునకు రాష్ట్రమునకు కొంచెము మారుట యిందువలననే. బండి ముందున్న అక్షరములే సాక్ష్యము. తెలంగాణ బండ్లకు 2014 జూనులో "టీఎస్" అను గుర్తు వచ్చినది. 2024 మార్చినుండి క్రొత్తగా రిజిస్టరగు బండ్లకు "టీజీ" అని వ్రాయుచున్నారు. ఆంధ్రప్రదేశమున 2019 జనవరిలో జిల్లాకొక సంఖ్య యను పాత పద్ధతి పోయి, రాష్ట్రమంతకు 39 అను సంఖ్యతో నొకే వరుస మొదలైనది. నెల్లూరివాడా, శ్రీకాకుళమువాడా యని బండి సంఖ్యను చూచి పోల్చుకొను వేడుక దానితో పోయినది.

ఇక వర్తకుడెవరు? ఇంగ్లీషున "డీలరు" అనుచున్నారు. 1988 నాటి చట్టము రెండవ సెక్షను ఎనిమిదవ ఖండమున నీ మాటకు వివరణ మిచ్చినారు. దానిని తొలిసారి చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది. ఛాసిస్ మీద బాడీ కట్టువాడు డీలరు. మోటారు బండ్లను మరమ్మతు చేయువాడు డీలరు. బండి తాకట్టుమీద అప్పిచ్చువాడు, అద్దెకొనుగోలు పద్ధతిని బండి యిచ్చువాడు డీలరు. బండ్లను అమ్మువాని మాట అందులో లేనేలేదు! మొదట బండ్లను తయారు చేయువాని పేరును అందుండెడిది. 1994లో దానిని తొలగించినారు. అమ్మువాడు డీలరు కాడా యని తొందరపడరాదు. ఆ వాక్యము "డీలరు అనగా వీరు" అని చెప్పలేదు. "డీలరు అను మాటలో వీరును చేరుదురు" అని చెప్పినది. లోకములో డీలరన్న అమ్మువాడే యని యందరకు తెలియును గనుక దానిని వేరుగ చెప్పలేదు. లోకప్రసిద్ధము కాని వారినే యెత్తి చెప్పినారు. "రాముడు మొదలైనవారు" అన్నప్పుడు "మొదలైన" యను మాటలో నెంత బలమున్నదో, చట్టములో "చేరుదురు" అను మాటలోను అంత బలమున్నది.

వర్తకులు రెండు తెగలు. క్రొత్త బండ్లను అమ్మువారొక తెగ, వాడిన బండ్లను కొని యమ్మువారొక తెగ. మొదటివారి సంగతి త్వరగా ముగించి రెండవవారి యొద్దకు పోవుదము. చిక్కంతయు నక్కడనే యున్నది.

రిజిస్టరు కాని బండి రోడ్డెక్కరాదనునది 39వ సెక్షను. అయితే వర్తకుని యొద్దనున్న క్రొత్త బండికి ఇంకను యజమాని లేడు గదా! దానిని కొనుగోలుదారునకు నడపి చూపుటెట్లు? అందుకై వర్తకునకు "ట్రేడ్ సర్టిఫికెట్టు" ఇచ్చెదరు. పూర్వమిది ఏడాదికొకమారు తీసుకొనవలసినది. 2022లో చేసిన సవరణచే, ఆ యేడు నవంబరు 1వ తేదీనుండి దానికి అయిదేండ్ల గడువు వచ్చినది. కచేరి చుట్టు తిరుగకుండ అంతర్జాలము ద్వారముననే దరఖాస్తు చేసికొనవచ్చును. తయారీదారుడు తన కీ వర్తకత్వము నిచ్చినాడని నిరూపించు పత్రమును ఫారము 16-ఎ అను రూపమున పుట్టినది. పెద్ద దుకాణములవారికిది మేలైన మార్పు.

ఇంతకంటె ముఖ్యమైనది 2019 నాటి సవరణ చట్టము. కొనుగోలుదారుడే బండిని రిజిస్ట్రేషను అధికారి ముందునకు గొనిపోయి, తన యూరు ఏ కచేరి పరిధిలోనున్నదో అక్కడనే నమోదు చేయించుకొనవలెనన్న పాత పద్ధతిని ఇది మార్చినది. రాష్ట్రములో ఏ రిజిస్ట్రేషను అధికారి యొద్దనైనను చేయించుకొనవచ్చునని 40వ సెక్షనును సవరించినారు. వర్తకుడును కొనుగోలుదారుడును ఒకే రాష్ట్రమువారైనచో క్రొత్తబండి రిజిస్ట్రేషనుకై దరఖాస్తు చేయవలసిన భారము వర్తకునిదేయని 41వ సెక్షనులో చేర్చినారు. అంతేకాదు, రిజిస్ట్రేషను సంఖ్య బండిపై కనబడువరకు దానిని కొన్నవానికి అప్పగింపరాదన్నారు. చట్టమునందున్న యీ మాటలు ఆయా రాష్ట్రముల కచేరులలో ఆచరణకు వచ్చుట మాత్రము ఒకే దినమున, ఒకే తీరున జరుగలేదు.

వర్తకుడు దరఖాస్తు చేయక తప్పించుకొన్నచో 192-బి సెక్షను జరిమానా చెప్పుచున్నది. సాలీనా పన్నునకు పదునైదు రెట్లు, లేదా జీవితకాలపు పన్ను, వీనిలో ఏది యెక్కువయైన అది. అదే తప్పు కొన్నవాడు చేసినచో, సాలీనా పన్నునకు అయిదు రెట్లు, లేదా జీవితకాలపు పన్నులో మూడవ వంతు, వీనిలో ఎక్కువది. తెలిసిన వర్తకునకు తెలియని గృహస్థునికంటె ఎక్కువ శిక్ష వేయుట నాకు న్యాయముగనే తోచినది. 2019 ఏప్రిలు 1వ తేదీనుండి తయారగు క్రొత్తబండ్లకు, ఊడదీయ వీలుకాని భద్రతా సంఖ్యాఫలకములను తయారీదారుడే వర్తకునిద్వారా అమర్పవలెననియు నియమము వచ్చినది.

వర్తకుని కష్టమును చెప్పకుండుట ధర్మము కాదు. పొగను గూర్చిన ప్రమాణములు మారినప్పుడెల్ల దెబ్బ మొదట వర్తకునిమీదనే పడును. 2017 మార్చి 29వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము, బీయస్-3 ప్రమాణపు బండ్లను ఏప్రిలు 1వ తేదీనుండి అమ్మరాదు, రిజిస్టరు చేయరాదు అని ఆజ్ఞాపించినది. మిగిలినవి రెండే దినములు. ఆ రెండు దినములలో దుకాణముల ముందు జాతర సాగినది. వచ్చిన ధరకు బండ్లను వదలించుకొన్నారు. బీయస్-4 బండ్లకు 2020 ఏప్రిలు 1వ తేదీని గడువుగా 2018లోనే చెప్పియుంచినారు గాని, సరిగా ఆ గడువు ముందే మహమ్మారి కారణముగా దేశమంతయు మూతపడినది. చట్టము మారు దినమున గిడ్డంగిలో సరకున్నవాని స్థితి, పంట కోయవలసిన దినమున వాన పట్టుకొన్న రైతు స్థితి వంటిది.

ఇక అసలు చిక్కునకు వత్తము. యజమాని యెవరు?

సామాన్యముగా మనము, సొమ్మిచ్చి కొని తన స్వాధీనమున నుంచుకొన్నవాడు యజమాని యనుకొందుము. సరకుల విక్రయమును గూర్చిన 1930 నాటి చట్టమును ఇంచుమించుగా ఇట్లే చెప్పును: వస్తువు ఎప్పుడు చేతులు మారవలెనని యుభయులును ఉద్దేశించిరో అప్పుడే హక్కు మారును. గేదెను అమ్మినను, కుట్టుయంత్రమును అమ్మినను ఇంతే. మోటారు చట్టము మాత్రము తన పనులకై వేరొక యర్థమును చెప్పుకొన్నది. రెండవ సెక్షను ముప్పదియవ ఖండము ప్రకారము, వాహనము ఎవరి పేర రిజిస్టరై యున్నదో వాడే యజమాని. ఆ పేరు మైనరుదైనచో సంరక్షకుడు యజమాని. అద్దెకొనుగోలు, తాకట్టు మొదలగు ఒప్పందములకు లోబడిన బండి యైనచో ఆ యొప్పందము ప్రకారము స్వాధీనమున నుంచుకొన్నవాడు యజమాని. ఈ రెండు సందర్భములు తప్ప తక్కిన చోట్ల పుస్తకములోని పేరే ప్రమాణము. యౌగికార్థమును త్రోసి రూఢ్యర్థము నిలుచుట శాస్త్రములలో మేమెరుగుదుము. ఇచటను అదే జరిగినది.

అమ్మినవాడు చేయవలసిన దేమి? 50వ సెక్షను చెప్పుచున్నది. రాష్ట్రములోపలనే అమ్మినచో పదునాలుగు దినములలో అమ్మినవాడు రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెను. వేరొక రాష్ట్రమువానికి అమ్మినచో నలుబదియైదు దినములు. కొన్నవాడు ముప్పది దినములలో తెలిపి తన పేర మార్చుకొనవలెను. అమ్మకమును తెలుపు పత్రము ఫారము 29. మార్పునకు దరఖాస్తు ఫారము 30. పెట్టిన సొమ్మునకు రసీదు కంటె ఇవియే ముఖ్యము.

కాని పాతబండ్ల బజారులో జరుగునది వేరు. యజమాని నేరుగా కొనుగోలుదారునకు అమ్ముట తక్కువ. నడుమ నొక వర్తకుడుండును. ఈతడు బండి వెల కట్టి, సొమ్ము చెల్లించి, ఫారము 29, ఫారము 30 తీసి, "ఇక్కడ సంతకము చేయుడు, ఇక్కడ చేయుడు" అనును. కొన్నవాని పేరుండవలసిన చోటు ఖాళీ. తేదీ యుండవలసిన చోటు ఖాళీ. తన పేర మార్చుకొనుట ఈ వర్తకునకు లాభము కాదు. మార్చిన ప్రతిమారును రుసుము చెల్లింపవలెను; పైగా "మొదటి యజమాని బండి" యను పేరు పోయి "రెండవ యజమాని బండి" యగును, దానితో ధర పడిపోవును. కనుక ఖాళీ ఫారములను సంచిలో నుంచుకొని, కొనువాడు దొరకినప్పుడు ఆతని పేరు వ్రాయుదమనుకొనును. కొన్నవాడు మరల వేరొక దళారికి ఇచ్చును. ఆ కాగితములు చేతినుండి చేతికి పోవుచుండును. బండి నాలుగు జిల్లాలు తిరిగినను పుస్తకములో పేరు మొదటివానిదే. నడుమనున్న వర్తకుని పేరు ఏ పుస్తకమునను కనబడదు. ఎవరికి వారే యమునాతీరే!

నా పూర్వశిష్యుడొకడు, చిన్న యుద్యోగము చేసికొని పల్లెలో నుండువాడు, కొన్నేండ్ల క్రిందట నా యొద్దకు వచ్చినాడు. చేత కాగితముల మడత యున్నది. "మాష్టారూ, బండి అమ్మి రెండేండ్లు దాటినది. నా ఫోనుకు చలానుల మీద చలానులు వచ్చుచున్నవి. నేనెన్నడును పోని పట్టణములో, నేనెక్కని బండికి" అన్నాడు. శిరస్త్రాణము లేదని కొన్ని, ఎఱ్ఱదీపము దాటినాడని కొన్ని. "ఎవరికమ్మితివి నాయనా?" యని యడిగితిని. దగ్గరి పట్టణములో బండ్లు కొని యమ్ము నొక దుకాణము పేరు చెప్పినాడు. పోయి చూచిన ఆ దుకాణము లేదు. దాని స్థానమున పండ్ల యంగడి వెలసినది. సంతకము చేసిన ఫారములకు నకలు లేదు. సొమ్ము చేతికి చేతిగా వచ్చినది. రక్షకభట నిలయములో నొక ఫిర్యాదును, రవాణా కచేరిలో నొక యర్జీయును వ్రాసి యిచ్చినాము. చలానుల సొమ్ము మాత్రము వానిచేతి దుడ్డే కరగినది. "పోనిండు మాష్టారూ, చలానులతో పోయినది" యని వాడు తేలికగా అన్నాడు గాని, నాకు మాత్రము తేలిక గాలేదు. ఆ బండి క్రింద నెవరైన పడియుండిన నేమగునాయని నేను తలచుచుంటిని.

ఆ ప్రశ్నకు సమాధానము సర్వోన్నత న్యాయస్థానము 2018 ఫిబ్రవరిలో నిచ్చిన యొక తీర్పులో నున్నది. ఒక కారు వరుసగ పలువురి చేతులు మారినది; రిజిస్టరులో పేరు మారలేదు. 2009లో అది ప్రమాదమునకు గురియై ఒకరు మరణించినారు. నష్టపరిహార మెవరియ్యవలెను? బండి యొకనికి, వాడొకనికి, ఆ పైవాడు మరియొకనికి అమ్మినాడని రిజిస్టరైన యజమాని వాదించినాడు. హైకోర్టు చివర బండిని పెట్టుకొన్నవానిపై భారము నుంచినది. సర్వోన్నత న్యాయస్థానము దానిని త్రిప్పివేసి, ఎవరి పేర రిజిస్ట్రేషను నిలిచియున్నదో అతడే బాధ్యుడని తేల్చినది. ఆ తీర్పులోని యుక్తి సరళమైనది. బిడ్డను పోగొట్టుకొన్నవారు, చేతులు మారిన బండి జాడను వెదకుచు ఒక యింటినుండి వేరొక యింటికి తిరుగవలెనా? రాజ్యము ఒక పుస్తకము పెట్టియున్నది. అందులో పేరున్నవానిని వారు పట్టుకొందురు. తక్కిన తగవులు వారిలో వారు తీర్చుకొనవలెను.

ఈ తీర్పు కఠినమని కొందరందురు. అమ్మినవాని వైపు నిలిచి చూచిన కఠినమే. చచ్చినవాని తల్లి వైపు నిలిచి చూచిన కాదు. 2019 సవరణ దీనికి వేరొక బరువును చేర్చినది: మైనరు బాలుడు బండి నడపి నేరము చేసినచో, 199-ఎ సెక్షను క్రింద సంరక్షకుడో, బండి యజమానియో నేరస్థుడగును. మూడేండ్లవరకు కారాగారము, ఇరువదియైదువేల రూపాయల జరిమానా. తనకు తెలియకుండ జరిగినదని, తాను తగిన జాగ్రత్త పడితినని నిరూపించుకొన్నచో తప్పించుకొనవచ్చును. కాని నిరూపించుకొను భారము తనదే. ఖాళీ ఫారముపై సంతకము చేసి యిచ్చినవాడు "జాగ్రత్త పడితిని" అని యే నోటితో చెప్పగలడు?

ఇట్టి స్థితిలో కేంద్రప్రభుత్వము 2022 డిసెంబరు 22వ తేదీన నియమావళిని సవరించి, రిజిస్టరైన బండ్లను కొని యమ్ము వర్తకులకై క్రొత్త నియమములను చేర్చినది. 55వ నియమము తరువాత 55-ఎ మొదలుగ నివి కలవు. 2023 ఏప్రిలు 1వ తేదీనుండి అమలు. ఇంతకాలము చట్టపు పుస్తకములో పేరులేక నీడవలె తిరిగిన నడుమవానికి ఇప్పుడొక పేరును, దానితోపాటు ఒక బరువును వచ్చినవి.

పేరు ఎట్లు వచ్చినదనగా, పాతబండ్ల వర్తకము చేయదలచినవాడు రిజిస్ట్రేషను అధికారికి ఫారము 29-ఎలో దరఖాస్తు చేసి, 29-బి రూపమున అధికారపత్రము పొందవలెను. దాని గడువు అయిదేండ్లు. ఈ పత్రము గలవాడే "అధీకృత వర్తకుడు".

బరువు ఎట్లు వచ్చినదనగా, యజమాని తన బండిని ఈ వర్తకునకు అప్పగించినప్పుడు ఉభయులును కలిసి ఫారము 29-సి ద్వారా ఆ సంగతిని అధికారికి అంతర్జాలమున తెలుపవలెను. తెలిపినట్లు రసీదు పుట్టును. దానితో ఆ వర్తకుడు బండికి "యజమానిగా భావింపబడును". ఈ "భావింపబడును" అను మాట చట్టములలో మిక్కిలి బలమైనది. కానివానిని అయినవానిగ నెంచి, అయినవానికి జరుగు కార్యములన్నియు నతనికి జరిపించుట దీని పని. వ్యాకరణములో దీనిని అతిదేశ మందుము. ఒకదాని స్థానమున వచ్చిన రెండవదానికి మొదటిదాని ధర్మము లన్నియు నంటుకొనును. అట్లే యజమాని స్థానమున నిలిచిన వర్తకునకు యజమాని బాధ్యతలన్నియు నంటుకొనును. బండి తన యొద్దనున్నంతకాలము దాని క్షేమము, దాని కాగితములు, దానివలన జరిగిన సంఘటనలు అన్నియు నతని తలపైననే.

బరువుతోపాటు కొన్ని యధికారములును ఇచ్చినారు. రిజిస్ట్రేషను గడువు పొడిగించుటకు, ఫిట్‌నెస్ పత్రమునకు, పోయిన ఆర్సీకి మారుగా వేరొకదానికి, ఇతర రాష్ట్రమునకు పంపుటకు కావలసిన నిరభ్యంతర పత్రమునకు, కొన్నవాని పేర మార్చుటకు వర్తకుడే దరఖాస్తు చేయవచ్చును. పాత యజమానిని వెదకి పట్టుకొని సంతకములు పెట్టించుకొను శ్రమ యతనికి తప్పినది. బండిని సొంతపనులకు వాడరాదు. కొనువానికి నడపి చూపుటకు, మరమ్మతునకు, పరీక్షకు కొనిపోవుటకు వంటి పనులకే రోడ్డెక్కింపవలెను. అట్లెక్కించిన ప్రతిమారును ఎందులకు పోయినది, ఎవరు నడపినారు, ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్లు అను వివరములు ఎలక్ట్రానికు చిట్టాలో నెక్కింపవలెను. అమ్మకమునకు వచ్చిన బండ్లపై దుకాణపు కుఱ్ఱవారు సినిమాలకు తిరుగుట నేను కన్నులార చూచినాను గనుక, ఈ చిట్టా నియమమును వ్రాసినవారికి లోకజ్ఞానమున్నదని యొప్పుకొందును.

దీనితో చిక్కంతయు తీరినదా? తీరలేదు. వేపచెట్టు క్రింద మూడు స్కూటర్లు నిలిపి వ్యాపారము చేయువాడు ఈ పత్రములు, ఈ పోర్టలు, ఈ చిట్టాలు తనవల్ల కావనును. వానిని పూర్తిగా తప్పుపట్టలేము. వాని వ్యాపారము చిన్నది, చదువు తక్కువ, లాభము వేయి రెండువేలు. అట్టివారికి రవాణా కచేరిలో ఒక మనిషి కూర్చుండి దరఖాస్తు నింపించి యిచ్చు నేర్పాటు రాష్ట్రములు చేసినచో సగము దుకాణములు దారికి వచ్చునని నా యభిప్రాయము. నియమము ఢిల్లీలో పుట్టినను పాలు పట్టవలసినది రాష్ట్రమే.

మరియొక సూక్ష్మమున్నది. నియమము చట్టమునకు లోబడినది. బిడ్డ తల్లిని మించలేదు. యజమాని యనగా నెవరో చట్టము చెప్పిన మాట అట్లే నిలిచియున్నది. కనుక 29-సి రసీదు చేతికి వచ్చినది గదాయని నిద్రపోక, చివర కొన్నవాని పేర ఆర్సీ మారువరకు విచారించుచుండుట మేలు. బండి సంఖ్యతో పోర్టలునందు చూచిన తెలియును. భీమా మాట కూడ నొకటి చెప్పవలెను. యాజమాన్యము మారినప్పుడు భీమా పత్రమును కొన్నవానికి మారినట్లు 157వ సెక్షను భావించును. అయినను పదునాలుగు దినములలో కొన్నవాడు భీమా సంస్థకు దరఖాస్తు చేసి పేరు మార్పించుకొనవలెను.

వర్తకుని మీది పన్నును గూర్చి 2024 డిసెంబరులో గొప్ప కలవరము పుట్టినది. జీఎస్టీ మండలి తన సమావేశములో, వాడిన బండ్లన్నిటిపైనను పదునెనిమిది శాతము పన్నని నిర్ణయించినది. అంతకుముందు చిన్నకార్లకు పండ్రెండు శాతముండెడిది. ఇది 2025 జనవరి 16వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. "పండ్రెండు లక్షలకు కొన్న కారును తొమ్మిది లక్షలకు అమ్ముకొన్నను పన్ను కట్టవలెనా!" యని జనులు ఆందోళన చెందినారు. అట్లు కాదు. జీఎస్టీ క్రింద నమోదు కాని గృహస్థు తన కారును అమ్ముకొన్నచో ఈ పన్ను లేదు. నమోదైన వర్తకుడు కట్టవలసినదియు మొత్తము వెలపై కాదు, తనకు మిగిలిన తేడాపై మాత్రమే. మూడు లక్షలకు కొన్న బండిని మూడు లక్షల నలుబదివేలకు అమ్మినచో, తేడా నలుబదివేలు. దానిపై పదునెనిమిది శాతము, అనగా 7,200 రూపాయలు. తేడా లేక నష్టమునకే అమ్మినచో పన్ను లేదు. ఆదాయపు పన్నులో బండికి తరుగుదల చూపుకొన్నవారికి లెక్క వేరు. తరుగుదల పోగా మిగిలిన విలువనుండి తేడా కట్టవలెను.

ఇక మీలో ఎవరైన రేపు బండి అమ్మబోవుచున్నచో చేయవలసినవి చెప్పి ముగింతును. అప్పుమీద కొన్న బండియైనచో మొదట బాకీ తీర్చి, బ్యాంకువారి సంతకముతో ఫారము 35 తీసుకొని, ఆర్సీలోనున్న తాకట్టు మాటను తొలగించుకొనుడు. ఆ మాట యున్నంతవరకు అప్పిచ్చినవారి సమ్మతి లేనిదే పేరు మారదు. దుకాణమునకు పోయినప్పుడు 29-బి అధికారపత్రమును చూపుమని యడుగుడు. అడుగుటకు మొగమోటపడవలదు, దాని సంఖ్యను వ్రాసికొనుడు. అధికారపత్రము లేదన్నచో మరియొక దుకాణమునకు పొండు. వర్తకునకు గాక తెలిసినవానికే అమ్మినచో, ఫారము 29లోను 30లోను ఒక్క గడియైనను ఖాళీగ వదలక కొన్నవాని పేరు, చిరునామా, తేదీ మీ యెదుటనే నింపించి, నకళ్లు తీసికొని, పదునాలుగు దినములలో మీరే కచేరికి తెలుపుడు. సొమ్మును బ్యాంకు ద్వారా తీసికొన్నచో అదియు నొక సాక్ష్యమగును. తాళపుచెవి నిచ్చిన తేదీయే కాక గంటను కూడ రసీదులో వ్రాయించుడు. ఉదయము అమ్మిన బండి సాయంకాలమే ప్రమాదము చేసిన సందర్భములలో ఆ గంటయే ప్రశ్నయగును. 29-సి రసీదును అచ్చు వేయించి, ఇంటి దస్తావేజులున్న పెట్టెలోనే భద్రపరచుడు.